క్రికెట్టు మహారథుల శ్రేణిలో కర్నల్ నాయుడుగారి స్థానము

సర్వకాలములయందును క్రికెట్టు ఆటగాండ్రలో అగ్రగణ్యులెవ్వరను వాదము ఆ ఆటతోపాటే పుట్టి ఆ ఆటతోపాటే పెరుగుచున్నది. భారత కాలక్షేపము ముగిసిన పిదప కర్ణుడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా యని మన పెద్దలు అరుగులపై గూర్చుండి ప్రొద్దుపోవువఱకు తర్కించుచుండెడివారు. వారి మనుమలు నేడు అదే పట్టుదలతో బ్రాడ్మను గొప్పవాడా, టెండూల్కరు గొప్పవాడా యని తర్కించుచున్నారు. ఇట్టి వాదములవలన కాలహరణమే తప్ప ప్రయోజనము లేదని కొందఱు విజ్ఞులు పెదవి విఱచుదురు. మేమట్లు తలంపము. ఒక జాతి ఎవరిని మహాపురుషులుగా నెంచునో, ఎవరిని మఱచునో, దానినిబట్టి ఆ జాతి మనస్సు తెలియును. అయితే తూచుటకు పూనుకొన్నవాడు మొట్టమొదట త్రాసును పరీక్షింపవలెను. త్రాసులో దోషమున్నచో ఎంత శ్రద్ధతో తూచినను తూకము తప్పే యగును. ఈ దృష్టితో నేడు మేము కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడుగారి చరిత్రను పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

2000 సంవత్సరమున ఇంగ్లండులోని విజ్డెన్ వార్షిక గ్రంథమువారు నూఱుగురు నిపుణుల అభిప్రాయములు సేకరించి, ఇరువదవ శతాబ్దపు మేటి ఆటగాండ్రను అయిదుగురిని ప్రకటించిరి. బ్రాడ్మనుకు 100 ఓట్లు, సోబర్సుకు 90, హాబ్సుకు 30, వార్నుకు 27, రిచర్డ్సుకు 25 వచ్చెను. ఆ అయిదుగురిలో భారతీయుడొక్కడును లేడు. అందుకు మన దేశమున కొందఱు నొచ్చుకొనిరి. మాకు ఆ నొప్పి లేదు. ఆ అయిదుగురును ఆ గౌరవమునకు అర్హులే. ఏబదిరెండు టెస్టులాడి సగటున 99.94 పరుగులు సాధించిన బ్రాడ్మనుతో నింకెవ్వరిని పోల్చుటయు సాహసమే. మా విచారము వేఱు. మన వారే మన దేశపు పట్టికలు కూర్చునప్పుడు గవాస్కరు, కపిలదేవుడు, టెండూల్కరు మొదలగు వారి పేర్లు వ్రాసి, నాయుడుగారి పేరు వచ్చుసరికి కలము నాపుచున్నారు. కారణమడిగినచో అంకెలు చూపుదురు. ఏడు టెస్టులు, 350 పరుగులు, సగటు సరిగా 25, తొమ్మిది వికెట్లు. ఇంతటితో వారి విచారణ ముగిసినట్లే. ఈ విచారణ న్యాయమైనదా యనునదే నేటి ప్రశ్న.

నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారి వంశీయులు మచిలీపట్టణమునుండి మధ్యపరగణాలకు వలసపోయిన తెలుగువారు. కోస్తాతీరమునుండి ఉద్యోగములకును, వ్యాపారమునకును, న్యాయవాదవృత్తికిని దూరదేశములకు వెడలి, అచట స్థిరపడి, ఇంట తెలుగును వీడక బ్రదికిన కుటుంబములు ఆనాడు పెక్కు. అట్టి యింట పుట్టిన బాలుడు నాగపురపు మైదానములయందు బంతిని నేర్చెను. తెలుగుదేశము ఆయనను కన్నదని చెప్పలేము. కాని ఆయన నెత్తురు మనది. ఈ బంధుత్వమునే సాకుగా గొని ఆయనను పొగడుట మా యుద్దేశము గాదు. బంధుప్రీతితో వేసిన తూకమును ఎవ్వరును నమ్మరు, నమ్మగూడదు.

1916లో బొంబాయియందు జరిగిన చతుష్పక్ష పోటీలలో హిందూ జట్టు తరఫున యూరోపియను జట్టుపై ఆయన తొలిసారి ప్రథమశ్రేణి పందెమున దిగిరి.  మొదట కొన్ని బంతులను అడ్డుకొని, తరువాత తాము చేసిన తొలి పరుగులనే సిక్సరుగా గొట్టిరని చెప్పుదురు. అటుపిమ్మట నలువదేండ్లు సాగిన ఆటకు అదియే నాంది.

ఆ పోటీల స్వరూపమును గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. యూరోపియనులు, పారసీలు, హిందువులు, ముస్లిములు వేర్వేఱు జట్లుగా నాడు ఆ పద్ధతి మతభేదమును మైదానమున కెక్కించుచున్నదను విమర్శ పిమ్మట బలపడెను. 1940లో గాంధీమహాత్ముడు దానిని నిరసించెను. 1946తో అది నిలిచిపోయెను, నిలిచిపోవుటయే మేలయ్యెను. అయినను ఆ కాలమున భారతీయుడు పాలకజాతివానికెదురుగా సమానమైన నియమములతో నిలువదగిన స్థలము అంతకంటె వేఱొకటి లేకుండెను. కచేరీలో లేని సమత, రైలుపెట్టెలో లేని సమత, ఆ ఇరువదిరెండు గజముల నేలపై మాత్రము మూడుదినములపాటు ఉండెను. కాని ఆ సమతయు అందఱికిని దక్కలేదు. 1911లో ఇంగ్లండున పర్యటించి నూఱుకు మించి వికెట్లు గొన్న పల్వంకర్ బాలూ హిందూ జట్టులో నుండియు, అస్పృశ్యకులమున జన్మించిన హేతువుచేత ఎన్నడును ఆ జట్టుకు నాయకుడు కాలేకపోయెను. ఆయన ఖాతాలో ఒక్క టెస్టుకూడ లేదు. అంకెల త్రాసులో వేసినచో బాలూ తూకము సున్న. త్రాసు దోషమన మేమేమి యనుచున్నామో దీనివలన తేటపడును.

నాయుడుగారికి దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చినది 1926 డిసెంబరు 1వ తేదీ. ఆర్థర్ గిల్లిగను నాయకత్వమున ఇంగ్లండునుండి యం.సి.సి. జట్టు వచ్చియుండెను. మారిస్ టేటు వంటి పేరుపడిన బౌలర్లు అందులో నుండిరి. బొంబాయి జిమ్ఖానా మైదానమున హిందూ జట్టుతో జరిగిన పందెములో ఆ జట్టులోని ఎర్ల్ అను నాతడు ఎనిమిది సిక్సర్లు గొట్టి జనులను ఆశ్చర్యపఱచెను. మఱునాడు నాయుడుగారు దిగి రెండుగంటలకు లోపుగనే 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లు పదునొకండు. ఆ వార్త విని కచేరీలు, దుకాణములు వీడి వచ్చిన జనము మైదానము చుట్టునున్న మేడలును చెట్లునుగూడ నెక్కిరని ఆనాటి ముచ్చటలు తెలుపుచున్నవి. అతిథి జట్టువారు మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి.

ఆ దినపు ఫలితము వెండి బ్యాటుతో ముగియలేదు. భారతీయులు టెస్టులాడదగినవారని అతిథులకు నమ్మకము కలిగెను. ఇక్కడి ఆటకొక అఖిలభారత సంస్థ యుండవలెనను ప్రయత్నమునకు గిల్లిగను ప్రోత్సాహమిచ్చెను. 1928 డిసెంబరులో క్రికెట్టు నియంత్రణ మండలి యేర్పడెను. అది యేర్పడిన నాలుగేండ్లకు భారతదేశమునకు తొలి టెస్టు లభించెను. ఈ ఫలమునకు కారకులు పలువురు. కాని 1926నాటి ఆ రెండు గంటలను తీసివైచినచో ఆ కథలో పెద్ద వెలితి యేర్పడును. తాను టెస్టు లాడుట వేఱు. తన దేశమునకు టెస్టు తెచ్చుట వేఱు. రెండవదానిని లెక్కించు గడి పట్టికలలో లేదు.

1932లో భారత జట్టు ఇంగ్లండుకు వెడలెను. నాయకుడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డి రాజకుమారుడు. ఆటలో వారికంటె అధికులు జట్టున పలువురుండిరి గాని, నాయకత్వము సింహాసనముల వెంబడి పోవుట ఆనాటి ఆచారము. పోరుబందరు మహారాజు తన శక్తిని తానెఱిగినవాడు. టెస్టు వచ్చుసరికి తాను తప్పుకొనెను; లింబ్డివారు గాయపడిరి; నాయకత్వము నాయుడుగారికి వచ్చెను. పదవిని వదలుకొనుట యెఱిగిన ఆ మహారాజునకు చరిత్రలో కృతజ్ఞత చెల్లవలసియున్నది. సామాన్యుని క్రింద ఆడుటకు జట్టులో కొందఱు అసమ్మతి చూపిరనియు, పైనుండి వచ్చిన తాకీదుతో అది సద్దుమణిగెననియు వదంతి కలదు.

1932 జూను 25వ తేదీన లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు ప్రారంభమయ్యెను. ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయెను. క్షేత్రరక్షణలో నాయుడుగారి చేతికి గట్టి దెబ్బ తగిలెను. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి; మొదటి ఇన్నింగ్సులో మన జట్టున అదియే అత్యధికము. మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. ఓడినను ఓటమి తీరును బట్టి విజేతలు మనలను చులకన చేయలేకపోయిరి. ఆ పర్యటనలో ఆయన ఇరువదియాఱు ప్రథమశ్రేణి పందెములాడి 1618 పరుగులు చేసి, 65 వికెట్లు గొనిరి. మే మాసమున అదే లార్డ్సులో యం.సి.సి.పై అజేయముగా 118 పరుగులు చేసిరి. బర్మింగ్‌హాములో ఆయన కొట్టిన సిక్సరు ఏటిని దాటి ప్రక్క పరగణాలో బడెనని నేటికిని చెప్పుకొందురు. 1933లో విజ్డెన్ గ్రంథమువారు ఆయనను ఆ యేటి అయిదుగురు మేటి ఆటగాండ్రలో నొకనిగా నెన్నిరి.

ఇచట పాఠకులొక చిన్న లెక్క చూడవలెను. తొలి టెస్టునాటికి నాయుడుగారికి ముప్పదియాఱేండ్లు నిండినవి. ప్రథమశ్రేణిలో ప్రవేశించి అప్పటికి పదునాఱేండ్లు. ఆటగానికి చూపు, చేయి, కాలు ఏకమై పనిచేయు ఆ పదునాఱేండ్లును ఆయన ఖాతాలో టెస్టులు సున్న. ఆడలేకకాదు, ఆయన దేశమునకు టెస్టు లేకుండెను గనుక. ఏ దేశము టెస్టుకు తగినది, ఏది తగనిది యను నిర్ణయము లండనులోని సామ్రాజ్య క్రికెట్టు సభ చేతిలో నుండెను. మన యౌవనమును వారి గుమ్మమువద్ద నిలిపి, మన నడివయస్సును వారి కొలతతో కొలిచి, ఆ కొలతను నేడు మనమే ప్రమాణముగా చూపుట ఎంతటి వింత!

1933-34లో జార్డిను జట్టు మన దేశమునకు వచ్చినప్పుడు మూడు టెస్టులకును నాయుడుగారే నాయకులు. బొంబాయిలో జరిగిన ప్రథమ స్వదేశ టెస్టున యువకుడైన లాలా అమరనాథుడు 118 పరుగులు చేసి భారతదేశపు తొలి టెస్టు శతకము సాధించెను. ఎదుటి కొసన నిలిచి 67 పరుగులు చేసినవారు నాయుడుగారు. ఇద్దఱును కలసి 186 పరుగులు జోడించిరి. రెండు టెస్టులోడి, ఒకటి సరితూగినది.

1936 వచ్చెను. ఇంగ్లండు పర్యటనకు నాయకత్వము విజయనగర మహారాజకుమారునికి దక్కెను. మూడు టెస్టులలో ఆ నాయకుడు చేసిన పరుగులు ముప్పదిమూడు. ఇద్దఱు తెలుగు మూలమువారు. ఒకరు కోటలోని కుమారుడు, మఱొకరు ఆటతో పైకి వచ్చినవాడు. మహారాజకుమారుడు క్రికెట్టునకు ధనము వెచ్చించినవాడే, పెద్ద ఆటగాండ్రను పిలిపించి పోషించినవాడే. ఆ ఉపకారమును మేము కాదనము. కాని ధర్మకర్త గుడికట్టించినంతమాత్రమున పూజారి కాలేడు. ఆ పర్యటనలో జట్టు చీలికలు వారెను. అమరనాథుని మధ్యలోనే స్వదేశమునకు పంపివైచిరి. పిమ్మట విచారణ జరిపిన బోమాంటు సంఘము అమరనాథుని నిర్దోషిగా నెంచి, నాయకత్వమును తీవ్రముగా ఆక్షేపించెను. ఇట్టి జట్టులో, నలువదియేండ్ల వయసున, తన పదవి పోయిన చోటనే నాయుడుగారు సామాన్య సభ్యునిగా నాడిరి. ఓవలులో జరిగిన చివరి టెస్టున ఆలెను వేసిన వేగపుబంతి శరీరమునకు దగిలి బాధించినను, మైదానము వీడక 81 పరుగులు చేసిరి. టెస్టులలో అదియే ఆయన అత్యధికము. అదియే ఆయన చివరి టెస్టు.

నాయుడుగారియందు లోపములు లేవని మేము చెప్పము. ఆయన క్రమశిక్షణ మిక్కిలి కఠోరము. నొప్పిని తాను పైకి చూపరు. ఇతరులు చూపినను సహింపరు. ఆ కాఠిన్యమువలన మనస్సులు నొచ్చినవారున్నారు. జట్టులోని కక్షలకు ఆయన పూర్తిగా అతీతులని చెప్పుటయు సత్యము గాదు. కాని ఆ కాఠిన్యమును మొదట తనపై ప్రయోగించుకొనిన తరువాతనే ఇతరులపై ప్రయోగించిరి. 1951-52 రంజీ తుదిపోటీలో ఫడ్కరు వేసిన బంతి నోటికి దగిలి పండ్లూడినను, వైద్యుని పిలువనీయక ఆట సాగించిరని ప్రసిద్ధి. అప్పటికి ఆయన వయస్సు ఏబదియాఱు.

1923లోనే హోల్కరు మహారాజు ఆయనను ఇందూరునకు రావించి తన సైన్యములో పదవినిచ్చెను. కర్నల్ అను బిరుదు అచటినుండి వచ్చినదే. టెస్టులు ముగిసిన పిదప ఆయన చేసిన పని ఆ సంస్థానమునందే జరిగెను. మనవారు దీనిని చాలినంతగా గణింపలేదని మా అభిప్రాయము. బొంబాయివలె మహానగరము కాని ఇందూరునుండి, ముస్తాకు అలీ, సర్వటే, నింబాల్కరు, తమ్ముడు సి.యస్. నాయుడు మొదలగు వారిని కూర్చి, ఆయన హోల్కరు జట్టును దేశమునకే మేటిగా తీర్చిరి. తొమ్మిది సంవత్సరములలో ఆ జట్టు ఎనిమిది మాఱులు రంజీ తుదిపోటీకి చేరి నాలుగు మాఱులు గెలిచెను. 1945-46లో బరోడాపై ఆయన 200 పరుగులు చేసిరి. ఏబదియేండ్లు నిండిన మనుష్యుడు తన జీవితమున అత్యధికమైన స్కోరును ఆ వయస్సున సాధించెను! సాధారణముగా ఆ వయస్సున మనవారు మనుమనికి పెండ్లిసంబంధములు వెదకుచుందురు.

1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆ సంవత్సరమే రంజీ పోటీలలో తొలిసారి దిగిన ఆంధ్ర జట్టునకు నాయుడుగారు నాయకత్వము వహించిరి. వయస్సు ఏబదియెనిమిది. కొత్తగా పుట్టిన రాష్ట్రము, ఇంకను తడబడుచున్న జట్టు, ముందు తరమునుండి వచ్చిన పెద్దమనిషి. ఆ జట్టునకు ట్రోఫీలు రాలేదు. కాని తాతముత్తాతల నాడు ఆ కుటుంబము విడిచిన నేలకు ఆయన బ్యాటు చేతబట్టి తిరిగివచ్చిరి. దానిని ఆంధ్రులు స్మరింపవలసియున్నది. 1956లో భారతప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదమొసగెను. క్రికెట్టు ఆటగాండ్రలో ఆ గౌరవము తొలుత పొందినవారు ఆయనయే. 1956-57లో ఉత్తరప్రదేశ జట్టుతో తమ చివరి రంజీ పోటీలాడి, అఱువదియొక్క యేండ్ల వయసున 52 పరుగులు చేసిరి. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో కాలధర్మము చెందిరి. ఆయన మొత్తము ప్రథమశ్రేణి పందెములు 207; పరుగులు 11,825; శతకములు 26; వికెట్లు 411.

ఇపుడు మరల త్రాసువద్దకు వత్తము. డాక్టరు గ్రేసును క్రికెట్టు మహాపురుషుల పట్టికనుండి తొలగించుటకు సాహసించు ఆంగ్లేయుడు లేడు. మఱి ఆయన టెస్టు సగటు ఎంత? ఇరువదిరెండు టెస్టులలో 1098 పరుగులు, సగటు 32.29. నేటి కొలతలో ఇది సామాన్యమే. అయినను గ్రేసును వారు శిఖరమున నిలుపుట న్యాయమే. ఏలయన గుంటలుపడిన పిచ్చులపై, టెస్టులు అరుదైన కాలమున, ఆ యాటకు రూపు దిద్ది, జనసామాన్యమును మైదానమునకు రప్పించినవాడాయన. ఆంగ్లేయులు తమవానికి ఈ విచక్షణను చూపిరి. మన నాయుడుగారి విషయమున మనము మాత్రము ఏడు టెస్టుల సగటును చూచి పుస్తకము మూయుచున్నాము. ఒకే దుకాణములో రెండు రాళ్లు వాడు వర్తకుని మనము దొంగయందుము. తన సరకునే తక్కువరాతితో తూచుకొను వానినేమనవలెను?

దీనికి ప్రతివాదము లేకపోలేదు. అంకెలను త్రోసివైచినచో ప్రతివాడును తన యూరి వానిని మహాపురుషుడనును, అపుడు పట్టికకు విలువ యుండదు, అని కొందఱందురు. ఈ యాక్షేపణలో సత్యము కలదు. అంకెలను త్రోసివేయుమని మేము చెప్పుటలేదు. అన్ని అంకెలను చూడుమనుచున్నాము. టెస్టు అంకెలు ఏడు పందెములవి. ప్రథమశ్రేణి అంకెలు రెండువందల యేడు పందెములవి. గవాక్షమునుండి కనిపించునంత ఆకాశమే ఆకాశమనుట పొరపాటు. అన్నియు చూచిన పిదపగూడ నాయుడుగారి ప్రథమశ్రేణి సగటు 35.94 మాత్రమే గనుక, పరుగులే ప్రమాణమైనచో ఆయన బ్రాడ్మను, సోబర్సు, టెండూల్కరుల సరసన గూర్చుండరు. దీనిని మేము నిస్సంకోచముగా నంగీకరించుచున్నాము.

మా నిర్ణయమిది. క్రికెట్టు మహాపురుషులు రెండు తెగలవారు. కట్టియున్న మేడపై ఎత్తైన అంతస్తు లెక్కినవారు ఒక తెగ. నేల చదునుచేసి పునాది త్రవ్వినవారు రెండవ తెగ. మొదటి తెగలో నాయుడుగారిని జొప్పించుట అభిమానమగును గాని న్యాయము గాదు. రెండవ తెగలో గ్రేసు కూర్చున్న వరుసననే ఆయనకు పీఠము వేయవలెను. టెండూల్కరు నూఱు అంతర్జాతీయ శతకములు సాధించిన జట్టుకు టోపీ, పేరు, మైదానము ఉండెను. నాయుడుగారు దిగిననాడు ఆ జట్టే లేదు. ఈ భేదమును గుర్తింపని పట్టిక ఎంత అందముగా అచ్చైనను అసంపూర్ణము.

నియంత్రణ మండలివారు 1994లో ఆయన పేర జీవితసాఫల్య పురస్కారము నెలకొల్పిరి. యువకుల పోటీకొకదానికి ఆయన పేరు పెట్టిరి. బిరుదములకు పేరు పెట్టుట సులభము. 1932కు పూర్వము మన మైదానములలో జరిగిన పందెముల లెక్కలను, పాత పత్రికల సంపుటములను, స్కోరు పుస్తకములను చెదలపాలు గాకుండ కాపాడి, అచ్చొత్తించి, పాఠశాలలకు చేర్చుట కష్టము, చేయవలసినది అదియే. అవి యున్నప్పుడే నాయుడుగారిని గాని, ఆయనకంటె ముందు అన్యాయమునకు గురియైన బాలూను గాని తరువాతి తరములవారు న్యాయముగా తూచగలరు. మన క్రికెట్టు సంఘములవద్ద నేడు ధనమునకు కొదవ లేదు. అందులో రవంత ఈ పనికి వెచ్చింతురా యని మేము వారినడుగుచున్నాము.